ప్రయోగాత్మక పర్యావరణ విద్య: ఉప్పల్, నాచారం

విద్యార్థి తన చుట్టూ ఉన్న నీటిని, గాలిని, నేలను, ప్రాణులను తానే పరిశీలించి, కొలిచి, లెక్క రాసుకుని, ఆ లెక్కల నుంచి విషయం రాబట్టే పద్ధతిని ప్రయోగాత్మక పర్యావరణ విద్య అంటారు. మొక్కలు నాటడం, ర్యాలీ తీయడం, చార్టులు అంటించడం దీని పైపై రూపాలు. అసలు పని కొలతలోనూ, ఆ కొలతను మళ్లీ మళ్లీ చేయడంలోనూ ఉంటుంది. హైదరాబాదు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ విద్యకు కావలసిన సరుకు కాలినడక దూరంలోనే దొరుకుతుంది. అది అడవో కొండో కాదు. మురుగు మోసే నది, బక్కచిక్కిన చెరువులు, పారిశ్రామికవాడలు, దుమ్ము లేచే రహదారులు, వీటన్నిటి కింద 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ప్రకృతి అందాన్ని చూపించడం కన్నా, దెబ్బతిన్న పరిసరాన్ని వైద్యుడిలా పరీక్షించడం నేర్పడానికే ఈ చోటు బాగా పనికొస్తుంది.

ప్రాంత స్వరూపం

ఉప్పల్ మూసీకి ఉత్తర గట్టున, వరంగల్ రహదారి మీద ఉంది. నదికి అవతలి ఒడ్డున నాగోలు. హబ్సిగూడ నుంచి మల్లాపూర్ వైపు వెళ్లే దారిలో నాచారం వస్తుంది. ఒకప్పుడు ఇవి చెరువుల కింద వరి, కూరగాయలు పండించుకున్న పల్లెలు. తర్వాత ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు వచ్చాయి, వాటి చుట్టూ కాలనీలు పెరిగాయి. 2007లో ఉప్పల్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు చెందింది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు నడక మొదలుపెట్టింది.

ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు, నాచారం చెరువు ఇక్కడి ముఖ్యమైన నీటివనరులు. దక్కన్‌లో చెరువులు విడివిడిగా ఉండవు. ఒకదాని అలుగు దూకిన నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది, చివరికి వాగులోనో నదిలోనో కలుస్తుంది. కాలువల మీద ఇళ్లు లేచాక గొలుసు తెగింది, వాననీటి దారులు మురుగు నాలాలయ్యాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. రామంతాపూర్, ఉప్పల్ చెరువుల దిగువ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు ఏ దారిన వచ్చాయో పాత పటంలో వెతకడం ఈ ప్రాంతపు విద్యార్థికి ఇవ్వదగ్గ మొదటి అభ్యాసం.

చట్టం, పాఠ్యప్రణాళిక

1972 స్టాక్‌హోమ్ సమావేశం, 1975 బెల్‌గ్రేడ్ పత్రం, 1977 అక్టోబరులో తిబిలిసిలో జరిగిన అంతర్‌ప్రభుత్వ సదస్సు ప్రపంచమంతటా పర్యావరణ విద్యకు పునాది వేశాయి. సమాచారం ఇచ్చి ఊరుకోకుండా నైపుణ్యం, భాగస్వామ్యం కూడా విద్యలో భాగం కావాలని తిబిలిసి సదస్సు చెప్పింది. భారతదేశంలో 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ పర్యావరణ రక్షణను పౌరుడి ప్రాథమిక విధుల్లో చేర్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు చెబుతూ అన్ని స్థాయుల్లో పర్యావరణాన్ని బోధించాలని ఆదేశించింది. ప్రతి ఆటకూ ముందు పర్యావరణం మీద స్లైడ్లు వేయాలని సినిమా హాళ్లకూ ఆ తీర్పే చెప్పింది. ఆదేశం సరిగా అమలు కాకపోవడంతో 2003 డిసెంబరులో కోర్టు మళ్లీ కల్పించుకుని, ఎన్‌సీఈఆర్‌టీ చేత పాఠ్యక్రమం తయారు చేయించింది.

బడిలో చేతిపనికి చోటు ఇచ్చింది 2001–02లో కేంద్ర పర్యావరణ శాఖ మొదలుపెట్టిన జాతీయ హరిత దళం. ఒక్కో బడిలో 30 నుంచి 50 మంది పిల్లలతో ఒక ఎకో క్లబ్బు, దానికి ఒక బాధ్యుడైన ఉపాధ్యాయుడు అన్నది దాని ఏర్పాటు. తొలినాళ్లలో క్లబ్బుకు ఏడాదికి ఇచ్చిన సాయం 2,500 రూపాయలు. పనిముట్లు కొనడానికి చాలని ఈ మొత్తమే చాలా క్లబ్బులను నినాదాల దగ్గర ఆపేసింది. 1993 నుంచి సాగుతున్న జాతీయ బాలల విజ్ఞాన కాంగ్రెస్ దీనికన్నా లోతైన పని చేయించింది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు స్థానిక సమస్యను ఎంచుకుని, కొలతలతో నివేదిక తయారుచేసి, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో నిర్ణేతల ముందు సమర్థించుకోవాలి.

ఈ పద్ధతికి దేశంలో మంచి పూర్వరంగం ఉంది. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం పల్లె బడుల్లో ప్రయోగాన్నే పాఠంగా మార్చి ముప్పై ఏళ్లు నడిచింది. తెలుగునేల మీద చెప్పుకోదగింది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. కరువు లోయను దశాబ్దాల పాటు చెట్లతో నింపిన ఆ బడి ఆవరణ 1991లో పక్షుల సంరక్షణ ప్రదేశమైంది. ఇంటి దగ్గరే ఉండి పక్షిశాస్త్రం నేర్చుకునే కోర్సు కూడా అక్కడి నుంచే నడిచింది. నాచారంలోని మూడంతస్తుల బడికి అలాంటి లోయ ఉండదు కాబట్టి అక్కడి పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తేవడం కుదరదు. ఏళ్ల తరబడి నమోదు చేసే అలవాటును మాత్రం తెచ్చుకోవచ్చు.

నీటి పరీక్షలు

నీటితో మొదలుపెట్టడం తేలిక. తెలుపు, నలుపు ముక్కలుగా రంగువేసిన రేకు బిళ్లను తాడుకు కట్టి నీటిలోకి దించి, అది కనుమరుగైన లోతును రాసుకుంటే నీటి స్వచ్ఛతకు ఒక అంకె దొరుకుతుంది. 1865లో ఇటలీకి చెందిన సెక్కీ మొదలుపెట్టిన ఈ పరీక్షకు కరెంటు అక్కరలేదు, రసాయనమూ అక్కరలేదు. ఆమ్ల–క్షార గుణం తెలిపే కాగితం, కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు, ఉష్ణమాపకం తర్వాతి పనిముట్లు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు, వేరే నీరు దొరకనప్పుడు 2,000 వరకు అనుమతిస్తారు. పిల్లలు తమ ఇంటి బోరు నీటిని సీసాల్లో తెచ్చి ఒకేసారి పరీక్షిస్తే కాలనీకీ కాలనీకీ ఉన్న తేడా బల్ల మీదే తెలిసిపోతుంది. టీడీఎస్ మీటరు ఉప్పునే తప్ప సూక్ష్మజీవులను చూపదు. అంకె తక్కువగా ఉంటే నీరు మంచిదేనన్న అపోహను పోగొట్టడం కూడా ఈ పాఠంలో భాగమే.

కరిగిన ఆక్సిజన్ పరీక్ష అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది. 25 డిగ్రీల వద్ద శుభ్రమైన నీరు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. స్నానానికి పనికొచ్చే నీటిలో కనీసం 5 ఉండాలని ప్రమాణం. పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం మూడు గంటలకు పరీక్షిస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది. నాచు ఎండలో ఆక్సిజన్ విడుస్తూ ఉంటుంది మరి. అదే చెరువులో తెల్లవారుజామున పరీక్షిస్తే అంకె అట్టడుగున ఉంటుంది. రాత్రంతా నాచు, బాక్టీరియా, చేపలు అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. చేపలు చచ్చి తేలడం ఎక్కువగా తెల్లవారేసరికే ఎందుకు కనిపిస్తుందో ఈ రెండు కొలతలు చెబుతాయి. ఒక్క మధ్యాహ్నపు పర్యటనలో తీసిన అంకె ఎంత తప్పుదారి పట్టించగలదో కూడా వీటితోనే తెలుస్తుంది.

పురుగులు రసాయన పరీక్షలకు తోడు సాక్ష్యం. ఒడ్డున వలతో దేవి, తెల్లని ట్రేలో పోస్తే ఏవి బతుకుతున్నాయో లెక్కపెట్టవచ్చు. తూనీగ డింభకాలు కనిపిస్తే నీరు కొంతవరకు కోలుకున్నట్టే. అడుగు బురదలో సన్నని ఎర్రపురుగులు తప్ప మరేమీ లేకపోతే ఆక్సిజన్ కరువైందని అర్థం. ఆ పురుగుల్లో మనిషి రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, కొద్దిపాటి ఆక్సిజన్‌ను కూడా అది ఒడిసిపడుతుంది. దోమ డింభకాలను సూచికగా తీసుకోకూడదు. అవి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి, నీటిలో ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా వాటికి లెక్కలేదు.

మూసీ దగ్గర పద్ధతి మారాలి. వికారాబాదు అనంతగిరి కొండల్లో పుట్టి సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి కృష్ణలో కలిసే ఈ నది ఉప్పల్ చేరేసరికి వేసవిలో దాదాపు నగరపు మురుగే. అందులో పిల్లలను దింపకూడదు. వంతెన మీది నుంచో గట్టు నుంచో తాడు కట్టిన బకెట్టుతో నమూనా తీయాలి, తీసేది పెద్దవాళ్లయితే మేలు. చేతి తొడుగులు, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవడం, చేతికి గాయం ఉన్నవారిని పక్కన ఉంచడం, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఆక్సిజన్ పరీక్షలో వాడే గాఢ ఆమ్లం, క్షారం ఉపాధ్యాయుడి చేతిలోనే ఉండాలి.

నదిని చూశాక శుద్ధి కేంద్రాన్ని చూపించకపోతే పాఠం సగంలో ఆగినట్టు. మూసీ శుద్ధి పథకం కింద వచ్చిన నాలుగు కేంద్రాల్లో మూడు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. రోజుకు అంబర్‌పేటలో 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్లు, నల్లచెరువు దగ్గర 3 కోట్లు వాటి సామర్థ్యం. 2021లో రాష్ట్ర ప్రభుత్వం నగరానికి మరో 31 కేంద్రాలు మంజూరు చేసింది. మురుగు లోపలికి వచ్చే చోటు, గాలి లేకుండా బాక్టీరియా మలినాన్ని తినే తొట్లు, బయటికి వెళ్లే చోటు ఒక్క పూటలో చూడవచ్చు. అనుమతి దొరికితే లోపలి, బయటి నీటి నమూనాలను పక్కపక్కన గాజు సీసాల్లో పెట్టి నాలుగు రోజులు గమనించవచ్చు.

దిగువన పీర్జాదిగూడ, పర్వతాపురం, కాచవాని సింగారం వైపు మూసీ నీటితో పశుగ్రాసం పండించడం చాలాకాలంగా ఉంది. ఆ పారాగడ్డి కోసి నగరంలోని గేదెల కోసం అమ్మేవారు. మురుగులోని నత్రజని అక్కడ ఎరువయింది, లవణం నేలను చెడగొట్టింది. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు ఈ గ్రామాల్లో అధ్యయనాలు చేశారు. మురుగు ఎవరికి ఆధారం, ఎవరికి రోగం అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉండదని తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలియడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ చుట్టుపక్కల లేదు.

వాన, రాయి, బోరు

వర్షమాపకం తయారుచేయడానికి మెడ కోసిన ప్లాస్టిక్ సీసా, స్కేలు చాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. హైదరాబాదులో ఏడాదికి సగటున సుమారు 80 సెంటీమీటర్లు కురుస్తుంది. 200 చదరపు మీటర్ల బడి కప్పు మీద ఏడాదిలో 1,60,000 లీటర్లు పడుతుందన్నమాట. ఆవిరి, తొలి వాన మురికి పోను ఎనభై శాతం పట్టుకున్నా 1,28,000 లీటర్లు. పగటి బడిలో మనిషికి రోజుకు 45 లీటర్లన్న జాతీయ భవన నియమావళి లెక్కన 500 మంది ఉన్న బడికి ఈ నీరు ఆరు రోజులు కూడా రాదు. వాననీటి నిల్వ అన్ని కష్టాలూ తీరుస్తుందన్న ప్రచారాన్ని ఈ లెక్క నేలకు దించుతుంది. నీటిని ట్యాంకులో దాచడం కన్నా ఇంకుడు గుంతలోకి పంపడం ఎందుకు మేలో ఇక్కడే అర్థమవుతుంది.

అడుగున ఉన్నది గ్రానైటు కాబట్టి ఇంకే నీటికీ హద్దుంది. పైన శిథిలమైన రాయి, మొరం పొర, దాని కింద పగుళ్లున్న పొర, ఆ కింద గట్టి రాయి. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనాల్లో నీరు పారే పగుళ్లు ఎక్కువగా పై కొన్ని పదుల మీటర్లలోనే ఉన్నాయని తేలింది. వెయ్యి అడుగులు దించితే గంగ పైకి వస్తుందన్న ఆశతో బోర్లు వేయించే కుటుంబాల పిల్లలకు ఈ సంగతి ఇంట్లోనూ పనికొస్తుంది. రెండు వైపులా తెరిచిన రేకు డబ్బాను నేలలో గుచ్చి, కొలిచిన నీరు పోసి, ఇంకడానికి పట్టిన నిమిషాలు చూస్తే ఆటస్థలం, చెట్టు కింది నేల, సిమెంటు గచ్చు మధ్య తేడా బయటపడుతుంది. చెట్టు కింద నీరు చకచకా ఇంకుతుంది. తొక్కిడితో బిగుసుకున్న ఆటస్థలం చాలాసార్లు గచ్చుకు దగ్గరగా ఉంటుంది.

గాలి, శబ్దం

కాలుష్య నియంత్రణ మండలి గాలిని కొలిచే ప్రదేశాల్లో ఉప్పల్ ఒకటి. సన్నని ధూళి కణాలకు 24 గంటల జాతీయ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, కొంచెం పెద్ద కణాలకు 100. బడిలో ఇంత సూక్ష్మంగా కొలవలేకపోయినా, వాజలీను రాసిన తెల్ల కార్డులను ప్రధాన రహదారి వైపు కిటికీలోనూ, వెనుక కిటికీలోనూ వారం పాటు ఉంచి, భూతద్దంతో మచ్చలు లెక్కపెట్టి పోల్చవచ్చు. ఉప్పల్–నారపల్లి మధ్య 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఎలివేటెడ్ కారిడార్ పని ఈ కార్డులకు కావలసినంత దుమ్ము సమకూర్చింది. శబ్దం విషయంలో 2000 నాటి నియమాల ప్రకారం బడి చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్. ఫోనులోని శబ్దమాపక యాప్ అసలు విలువను కచ్చితంగా చూపదు. ఒకే ఫోనుతో వేర్వేరు చోట్ల తీసిన అంకెలను పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

చెత్త

పని చిన్నదే, చేయడమే బద్ధకం. వారం రోజుల పాటు బడి చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని వేరుచేసి తూకం వేయాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పిన విభజన ఇదే. మధ్యాహ్న భోజనం పెట్టే ప్రభుత్వ బడిలో తడి చెత్త ఎక్కువ, పొట్లాల చిరుతిళ్లు తెచ్చుకునే బడిలో పొరల ప్లాస్టిక్ ఎక్కువ. తడి చెత్తను ఆకులతో కలిపి ఎరువు చేయవచ్చు. మిగిలింది స్వచ్ఛ ఆటోలో ఎక్కి జవహర్‌నగర్ చెత్త యార్డుకు చేరుతుంది.

చెట్లు, పక్షులు, పండుగలు

చెట్టును ఏడాది పొడవునా గమనించడం ఖర్చు లేని పని. మోదుగ ఎప్పుడు పూసింది, కానుగ ఎప్పుడు చిగిర్చింది, వేపపువ్వు ఏ తేదీన కనిపించింది, తంగేడు బతుకమ్మ నాటికి అందిందా అని రాసుకుంటూ పోవాలి. ఉగాదికి ముందా తర్వాతా అని రాస్తే లెక్క చెడుతుంది. చాంద్రమానం వల్ల ఉగాది దాదాపు నెల రోజుల వ్యవధిలో అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఇంగ్లీషు తేదీనే రాయాలి. కొన్నేళ్లుగా తెలంగాణలో వేప కొమ్మల చివర్లు ఎండుతున్న తెగులు వ్యాపించింది. అలాంటి చెట్లను గుర్తించి తిరిగి చిగిర్చాయో లేదో చూడటం కూడా ఈ పట్టికలో చేరుతుంది. 2015లో మొదలైన హరితహారంలో బడులు లెక్కలేనన్ని మొక్కలు నాటాయి. నాటిన రోజు ఫొటో కన్నా ఏడాది తర్వాత ఎన్ని బతికాయన్న లెక్కే విలువైన ప్రయోగం.

గుర్రపు డెక్క పరుచుకున్న చెరువులో కూడా జకానాలు, నీటికాకులు, తెల్లకొంగలు కనిపిస్తాయి. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా జరిగే పెరటి పక్షుల గణనలో బడి ఆవరణ నుంచే పాల్గొనవచ్చు. అడవిని చూపించాలంటే వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి దగ్గర. కృష్ణజింకల కోసం కాపాడిన ఈ పొదల మైదానం 1994లో జాతీయ ఉద్యానవనమైంది, అక్కడ పర్యావరణ విద్యా కేంద్రం కూడా ఉంది. వినాయక చవితికి మట్టి ప్రతిమలు చేయించడం దాదాపు ప్రతి బడిలోనూ ఉన్న కార్యక్రమం. నిమజ్జనానికి ముందూ తర్వాతా చెరువు నీటిని పరీక్షిస్తే అదీ ప్రయోగమవుతుంది.

పొరుగున ఉన్న సంస్థలు

1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, జీవకణ పరిశోధనకు పేరుపొందిన సీసీఎంబీ హబ్సిగూడలో, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తార్నాకలో ఉన్నాయి. సెప్టెంబరు 26న వీటి మాతృసంస్థ సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సందర్భంగా ఈ ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. 2017 జులైలో సీఎస్ఐఆర్, కేంద్రీయ విద్యాలయ సంఘటన్ కలిసి మొదలుపెట్టిన జిజ్ఞాస కార్యక్రమం శాస్త్రవేత్తలను బడులకు దగ్గర చేసింది. భారత సర్వే సంస్థ శిక్షణాలయం ఉప్పల్‌లోనే ఉంది. చెరువు పూర్తి నీటిమట్టం ఎక్కడి వరకో పాత సర్వే పటంలో చూసి, జాతీయ దూరసంవేదన కేంద్రం భువన్ పోర్టల్‌లోని ఉపగ్రహ చిత్రంతో పోల్చడం భూగోళం తరగతిలో చేయదగ్గ పని. పూడ్చిన చెరువు తిరిగి రాదన్న నమ్మకాన్ని అంబర్‌పేట బతుకమ్మకుంట సడలించింది. 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ తవ్వించినప్పుడు 2025లో మళ్లీ నీరు ఊరింది. పునరుద్ధరణకు ఎంచుకున్న తొలి చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువు కూడా ఉంది.

నిర్వహణలో చిక్కులు

పదో తరగతిలో 2014–15 నుంచి 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి కేటాయించడంతో ప్రాజెక్టు పనికి ఆదరణ వచ్చింది, ఆ వెంటే నకలూ వచ్చింది. స్టేషనరీ దుకాణంలో బొమ్మలు కొని అతికించిన ప్రాజెక్టుకూ, ఆరు నెలల వర్షపాతం పట్టికకూ ఒకే మార్కు పడితే రెండోది ఎవరూ చేయరు. ఇరుకు భవనాల్లోని ప్రైవేటు బడులకు నేల లేదు, ప్రభుత్వ బడులకు నేల ఉన్నా పరీక్షల కిట్లకు డబ్బు లేదు. రెండూ కలిసి ఒకే చెరువును పంచుకుంటే ఈ లోటు కొంత తీరుతుంది. ఉపాధ్యాయుడు బదిలీ అయితే క్లబ్బు ఆగిపోవడం అన్నిటికన్నా పెద్ద చిక్కు. అందుకే నమోదు పుస్తకం వ్యక్తి దగ్గర కాక ప్రయోగశాల ఆస్తిగా ఉండాలి. కొలిచిన స్థలం, వేళ, పనిముట్టు పేరు, కొలిచినవారి తరగతి ప్రతి వరుసలోనూ రాయాలి. వచ్చే ఏడాది ఎనిమిదో తరగతి అదే స్థలంలో, అదే వేళకు, అదే పనిముట్టుతో కొలిచినప్పుడే పాత అంకెకు అర్థం వస్తుంది.